కిడ్నీ ప్రాబ్లం ఉన్నోళ్ళు నొప్పుల బిళ్ళ వేసుకునే ముందు ఇది చూడండి

[స్క్రీన్ మీద: కత్తెరతో కోసిన నాలుగు బిళ్ళల ముక్క, పేరు సగమే కనిపిస్తది]

నమస్తే అండి. మెడికల్ షాపుకెళ్ళి "అన్నా, మోకాళ్ళు లాగేస్తున్నాయి ఏదన్నా ఇవ్వు" అంటాం, ఆయన నాలుగు బిళ్ళలు కత్తిరించి కవర్లో వేసిస్తాడు, పేరు సగం తెగిపోయి ఉంటది, మనమూ చూడం. కిడ్నీలు బాగున్నోళ్ళకి రెండ్రోజులకి చాలావరకు ఏం కాదు. కిడ్నీ దెబ్బతిన్నోళ్ళకి మాత్రం ఒక్కోసారి ఆ నాలుగే చాలు, కిడ్నీ ఇంకా పాడవడానికి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అన్నీ ఒకే జాతి. కిడ్నీలో వడపోత దగ్గరికి రక్తం తెచ్చే సన్న నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు, ఈ బిళ్ళ పనిచేసేదే వాటిని తగ్గించి. నొప్పి తగ్గుద్ది, నాళమూ ముడుచుకుంటది. ఆ మనిషి బీపీకి టెల్మిసార్టాన్ వాడుతుంటే అది బయటికెళ్ళే నాళాన్ని వదులు చేస్తది (విడిగా అయితే కిడ్నీకి మంచి మందే), దానికి తోడు వాపులకి లాసిక్స్ (ఒంట్లో నీరు ఒంటేలుకి పంపే బిళ్ళ) కూడా ఉందనుకోండి, లోపలికొచ్చేది తక్కువ, బయటికిపోయేది ఎక్కువ, ఒంట్లో నీరే తక్కువ, ఇంక వడపోతకి ప్రెషర్ ఎక్కడ్నించి వస్తది? డాక్టర్లు దీన్నే ట్రిపుల్ వామీ అంటారు, అంటే మూడు దెబ్బలు ఒకేసారి.

మన ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు, కిడ్నీ జబ్బుకి అసలు మూలం ఇప్పటికీ తేలలేదు గానీ, జబ్బు ఉన్న మనిషి ఎండలో తోట పని చేసొచ్చి చెమటకి ఒళ్ళు ఎండిపోయి ఉన్నప్పుడు ఈ బిళ్ళ మింగితే ఏమవుద్దో మీకు ఇప్పుడు అర్థమై ఉంటది. పారాసెటమాల్ కాస్త నయం, అదీ డోస్ అడిగే.

[స్క్రీన్ మీద: క్రియాటినిన్ 1.4]

క్రియాటినిన్ అంటే కిడ్నీ రక్తం లోంచి తీసేయాల్సిన వ్యర్థం, రక్త పరీక్షలో చూస్తారు. "1.4 ఏగా, కొంచెమే ఎక్కువ" అంటారు చూడండి, నాకు అక్కడే భయం. 30 ఏళ్ళ కుర్రాడికి 1.4 ఉంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడకడుతుందో చెప్పే అంచనా నంబర్) 69 దగ్గరుంటది, 65 ఏళ్ళ అమ్మకి అదే 1.4 ఉంటే 42 దగ్గర. మందు డోస్ చూసేది ఈ నంబర్ తోనే. షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ ఉంది కదా, ఈ నంబర్ 45 కింద డోస్ తగ్గిస్తారు, 30 కింద ఆపేస్తారు.

ఇంకోటి, ఇన్సులిన్ తీసుకునే నాన్నగారికి ఉన్నట్టుండి షుగర్ తగ్గుతూ వస్తే ఇంట్లో అందరూ సంబరపడతారు, "పత్యం బాగా చేస్తున్నారు" అని. కిడ్నీ ఇన్సులిన్ని తీసేయలేక అది ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుండొచ్చు అండి, పాత డోసే వేస్తూ పోతే అర్ధరాత్రి చెమటలు పట్టి పడిపోతారు. వెంటనే డాక్టర్‌కి చెప్పండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు కూడా ఫోన్ చేసి అడగండి, కొన్ని బిళ్ళలు తాత్కాలికంగా ఆపమంటారు. మీ అంతట మీరు బీపీ బిళ్ళ మానేయొద్దు.

ఆ "లో సోడియం" ఉప్పు కొంటున్నారా, ప్యాకెట్ వెనక్కి తిప్పండి. పొటాషియం క్లోరైడ్ అని ఉంటే, పొటాషియంని ఒంట్లోనే ఉంచేసే టెల్మిసార్టాన్ గానీ స్పైరోనోలాక్టోన్ గానీ వాడే కిడ్నీ పేషెంట్ కూరలో అది వేయకండి, రక్తంలో పొటాషియం పెరిగితే దెబ్బ పడేది గుండె మీద.