చనిపోయినవారి ఆస్తికి ఏ రోజు ధర కట్టాలి?

(తెర మీద: సగం తెరిచిన సొరుగు. లోపల పాత చేతి గడియారం, పాస్‌బుక్, రసీదుల కట్ట.)

ఈ గడియారం విలువెంత? బిల్లు ఒకటి చెబుతుంది, ఇన్సూరెన్స్ పాలసీ ఇంకోటి చెబుతుంది. "నాన్న రోజూ పెట్టుకున్నది, దానికి వెల ఏంటి" అంటుంది కూతురు. ఆ మాట నిజమే. కానీ ప్రొబేట్‌లో, అంటే వీలునామా చెల్లుతుందని కోర్టు తేల్చే ప్రక్రియలో, మామూలుగా లెక్క ఒక్కటే: ఆయన పోయిన రోజున బయట అమ్మితే ఎంత వచ్చేది?

ఇన్సూరెన్స్ అంకె దగ్గరే చాలామంది పొరబడతారు. అది అలాంటిదే కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు. వాడిన వస్తువు అమ్మితే అంత రాదు. ఆ అంకెనే జాబితాలో రాసేస్తే, లేని విలువకి కూడా ఫీజులో పన్నులో కట్టాల్సి రావచ్చు.

అలాగని తెగనమ్మే ధరా కాదు. అమెరికా పన్ను నిబంధనల ప్రకారం కొనేవారూ అమ్మేవారూ ఇష్టపడే బేరానికి రావాలి, ఎవరి మీదా ఒత్తిడి ఉండకూడదు, ఇద్దరికీ సంగతులు తెలిసి ఉండాలి.

(తెర మీద: ఒక రోజు షేరు ధర గీత, పైకీ కిందికీ.)

షేర్లయితే ధర ఒక్క రోజులోనే ఎన్నోసార్లు మారుతుంది కదా? అమెరికాలో ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరల సగటు తీసుకుంటారు. గరిష్ఠం 110, కనిష్ఠం 100 అయితే విలువ 105. సాయంత్రం మార్కెట్ ఎక్కడ ముగిసిందన్నది లెక్కలోకి రాదు. ఆదివారం పోతే? శుక్రవారం సగటు, సోమవారం సగటు, మళ్లీ ఆ రెండింటి సగటు.

ఆ తర్వాత మార్కెట్ పడిపోతే 6 నెలల తర్వాతి విలువని ఎంచుకునే వీలు కూడా అక్కడి ఎస్టేట్ పన్నులో, అంటే చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్నులో, ఉంది. అయితే పడిపోయిన వాటికి మాత్రమే వాడతామంటే కుదరదు, మొత్తం ఆస్తికి వర్తించాలి. మొత్తం విలువా, పన్నూ రెండూ తగ్గితేనే ఒప్పుకుంటారు. మధ్యలో అమ్మేసిన వాటికి అమ్మిన రోజు ధర.

భారత వారసత్వ చట్టం, 1925లోని సెక్షన్ 317 ప్రకారం ప్రొబేట్ వచ్చిన 6 నెలల్లో ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాని అమలు చేసే వ్యక్తి, ఆస్తుల జాబితా కోర్టుకి ఇవ్వాలి. చనిపోయినవారికి రావాల్సిన బాకీలు కూడా అందులో ఉండాలి. ఎవరికి చేబదులు ఇచ్చారో ఆ రసీదుల కట్టలోనే దొరకొచ్చు. విసుగొచ్చినా ప్రతి కాగితం విప్పి చూడండి.

ఇల్లు ఉంటే నా సలహా ఒకటే: వాటాదారుల్లో ఎవరికీ చుట్టం కాని వాల్యుయర్‌ని పిలవండి. ఆలస్యమైందని టెన్షన్ పడకండి, పోయిన రోజు నాటి విలువే కట్టమని అడగొచ్చు. ఆ చుట్టుపక్కల అప్పట్లో జరిగిన అమ్మకాలు చూసి కడతారు. రిపోర్టులో ఆ తేదీ స్పష్టంగా రాయించండి. రంగులు వేయించి, పైకప్పు బాగుచేయించాక పిలిస్తే మాత్రం ఆయన కళ్లకి కనిపించేది వేరే ఇల్లు. అందుకే పని మొదలుపెట్టకముందే గోడల మీది చెమ్మతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి.

(తెర మీద: మళ్లీ అదే సొరుగు.)

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోవడం చాలాసార్లు పెద్ద ఆస్తి దగ్గర కాదు, జాబితాకి ఎక్కకముందే ఎవరో తీసుకెళ్లిన చిన్న వస్తువు దగ్గర. గడియారం ఎవరికన్నది తర్వాత మాట్లాడుకుందురుగాని. ముందు ఏదీ కదపకుండా, అందరూ ఉండగా, ఈ సొరుగుకి ఒక ఫోటో తీయండి.