కొండ మీద మానిన పొగ, కొండ కింద వేయించుకోవలసిన టీకా

(దృశ్యం: అలిపిరి తనిఖీ కేంద్రం. కార్లూ జీపులూ బారులు తీరి ఉన్నాయి. ఒక నడివయసు మనిషి జేబులోని సిగరెట్ పెట్టె తీసి చెత్తబుట్టలో వేస్తాడు.)

వ్యాఖ్యాత: తిరుమల కొండ మీదికి బీడీ, సిగరెట్, గుట్కా తీసుకువెళ్లకూడదన్న నియమం తిరుపతిలో అందరికీ తెలిసినదే. రోజుకు ఒక పెట్టె కాల్చేవారు కూడా అలిపిరి దగ్గర జేబులు ఖాళీ చేసుకొని పైకి వెళ్లి, దర్శనం, బస అన్నీ కలుపుకొని ఒకటి రెండు రోజులు పొగ లేకుండానే గడిపి వస్తారు. కొండ దిగగానే, మొదటి టీ అంగడి దగ్గర మళ్లీ అగ్గిపుల్ల గీస్తారు. ఆ రెండు రోజుల్లో ఒంట్లో ఎంత మేలు జరిగిందో తెలిస్తే, దాన్ని అంత తేలిగ్గా వదులుకోవడానికి మనసు ఒప్పదు.

చివరి సిగరెట్ ఆర్పిన 20 నిమిషాలకే పెరిగిన గుండె వేగం తగ్గుముఖం పడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌ను 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కనుక, పొగ తాగేవారి రక్తంలో ఆక్సిజన్‌కు దక్కవలసిన చోటును ఆ విషవాయువు ఆక్రమించి ఉంటుంది. దాదాపు 12 గంటలకు దాని మోతాదు మామూలు స్థాయికి దిగుతుంది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం వంటి ఇబ్బందులు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా ఉండి, తర్వాత వారాల మీద సన్నగిల్లుతాయి. అంటే, రెండు రోజులు కొండ మీద ఉండి దిగి వచ్చిన మనిషి అన్నిటికంటే కష్టమైన ఘట్టాన్ని చాలావరకు దాటేసి ఉంటాడు. మొక్కు తీర్చుకోవడానికి ఎలాగూ వెళ్తున్నవారు ఆ ప్రయాణపు రోజునే పొగ మానే రోజుగా పెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం.

(దృశ్యం: కాలినడక మార్గం. గాలిగోపురానికి ఇంకా చాలా మెట్లు ఉండగానే ఒకాయన పిట్టగోడకు ఆనుకొని ఆగి దగ్గుతున్నాడు.)

సుమారు 3,550 మెట్లున్న ఈ దారిలో గాలిగోపురం దాకా ఎక్కడం ఎవరికైనా ఆయాసమే. కానీ ఈయన దగ్గు వేరు. మన శ్వాసనాళాల లోపలి గోడల మీద కంటికి కనిపించని సన్నని నూగు ఉంటుంది. లోపలికి వచ్చిన దుమ్మునూ క్రిములనూ జిగురుతో పాటు చీపురులా పైకి ఊడ్చి పంపడమే దాని పని. పొగ తాకిడికి ఆ నూగు చచ్చుబడిపోతుంది. ఊడ్వవలసింది లోపలే ఉండిపోతుంది కనుక, ఫ్లూ అయినా న్యుమోనియా అయినా పొగ తాగేవారికి తేలిగ్గా సోకి, సోకాక తీవ్రంగా ముదురుతుంది. బీడీ అంటే ఆకులో చుట్టిన పొగాకు మాత్రమే కదా అనుకునేవారు ఒక విషయం గమనించాలి: బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ దమ్ము లాగాలి, అందువల్ల తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే తక్కువేమీ కావు.

పెద్దల టీకాలకు, పొగ మానడానికి ఉన్న సంబంధం ఇదే. చాలామంది పెద్దలకు టీకా అనగానే మేకు గుచ్చుకున్నప్పుడు వేయించుకునే టీటీ, కుక్క కరిచినప్పుడు వేయించుకునే రేబీస్ టీకా తప్ప మరొకటి గుర్తుకు రాదు. ఆ టీటీ స్థానంలో ఇప్పుడు ధనుర్వాతంతో పాటు కంఠసర్పి (డిఫ్తీరియా) నుంచి కూడా కాపాడే టీడీ వచ్చింది. దాన్ని గాయం తగిలినప్పుడే కాకుండా, పదేళ్లకొకసారి వేయించుకోవాలి.

అంతకంటే ముఖ్యమైనవి రెండు. మొదటిది ఫ్లూ టీకా. వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కనుక దీన్ని ఏటా వేయించుకోవాలి. రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక, దేశం నలుమూలల నుంచి వచ్చే జనం మధ్య పనిచేసే డ్రైవర్లు, అంగళ్లవారు, వసతి గృహాల సిబ్బంది బ్రహ్మోత్సవాల రద్దీ మొదలయ్యాక కాకుండా ముందుగానే వెళ్లాలి. సూదిమందుగా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజుల ఒళ్లునొప్పులు, కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు. రెండవది న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచి కాపాడే టీకా. వయసు పైబడినవారికే కాక, షుగరు, గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికీ పొగ తాగేవారికీ దీని అవసరం ఎక్కువ. దీనిలో రకాలున్నాయి కనుక ఏది, ఎన్ని మోతాదులు అన్నది వైద్యులే నిర్ణయించాలి. ఈ రెండు టీకాలనూ ఒకే రోజు రెండు చేతులకు వేయించుకోవచ్చు.

హెపటైటిస్ బి టీకా చిన్నప్పుడు వేయించుకోనివారు దాని గురించి కూడా అడగాలి. పొగ తాగేవారిలో ఈ టీకా ఇచ్చే రక్షణ తగ్గుతుందని తేలింది. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరాల్లో దాగి ఉండి, వయసు మళ్లాక మంటపుట్టించే పొక్కులుగా పైకి లేవకుండా ఆపే టీకా 50 ఏళ్లు దాటినవారికి ఉంది.

(దృశ్యం: మందుల అంగడి ఫ్రిజ్. ఉష్ణోగ్రత అంకె దగ్గరగా కనిపిస్తుంది.)

పెద్దల టీకాల్లో చాలావాటిని మనమే కొనుక్కోవాలి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెల ఎండలో మందుల అంగట్లో కొని, స్కూటర్ డిక్కీలో వేసుకొని వైద్యుని దగ్గరికి బయలుదేరితే మందు దారిలోనే చెడిపోవచ్చు. మంచుగడ్డకు నేరుగా తగిలి గడ్డకట్టినా చెడుతుంది. ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉన్నదాన్నే వేయించుకోవడం క్షేమం. గడువు తేదీ చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు.

టీకా వేయించుకున్నంత మాత్రాన పొగ వల్ల గుండెకు, ఊపిరితిత్తులకు జరిగే హాని ఆగదు. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, పొగ కొనసాగించేవారితో పోలిస్తే, సుమారు సగానికి తగ్గుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు అలా తగ్గడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. అందుకే టీకా కోసం వెళ్లిన రోజే పొగ మాట కూడా వైద్యునితో ఎత్తాలి.

నికోటిన్ గమ్ వాడేవారిలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలి, గొంతు మండి, పనిచేయలేదని పారేస్తారు. దాన్ని మెల్లగా నమలాలి. నాలుక చురుక్కుమనగానే నమలడం ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ కొద్దిగా నమిలి, మరోచోట పెట్టాలి. ఇలా అరగంట చేయాలి. నికోటిన్ నోటి నుంచే ఒంటికి పడుతుంది, కాఫీ, నిమ్మసోడా వంటివి ఆ పనికి అడ్డుపడతాయి కనుక, గమ్‌కు ముందు పావుగంట పాటు వాటి జోలికి పోకూడదు. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాముల గమ్, మిగిలినవారికి 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. గర్భిణులు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు వైద్యుని అడగకుండా వాడకూడదు.

(దృశ్యం: సిగరెట్ పెట్టె మీద ముద్రించిన నంబరు దగ్గరగా కనిపిస్తుంది.)

పెట్టె మీద ఉన్న 1800-11-2356 పొగాకు మానాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. టీ అంగడి దగ్గర స్నేహితుడు "ఒక్కటే కదన్నా, కాల్చు" అని చేతికిచ్చిన పూట మాట కాదనలేక కాల్చినా, నెల శ్రమ వృథా అయిందనుకొని పెట్టె కొనకండి. ఆ సాయంత్రమే ఆ నంబరుకు ఫోన్ చేసి, ఏ వేళ, ఎవరి దగ్గర, ఏం తాగుతూ ఉండగా కోరిక పుట్టిందో చెప్పండి. మర్నాడు ఆ వేళకు గమ్ జేబులో ఉంచుకొని, టీ ఇంట్లోనే తాగండి.