నల్లరేగడి నెర్రెలు ఎందుకు విచ్చుతుంది?

[దృశ్యం: బల్ల మీద కొలత గీతలున్న రెండు గాజు గొట్టాలు. పక్కన పళ్లెంలో మెత్తటి నల్లమట్టి పొడి.]

ఇది ఒకే చేలో తవ్వి తెచ్చిన మట్టి. ఆరబెట్టి, నలగ్గొట్టి, సన్నజల్లెడ పట్టాం. రెండు గొట్టాల్లోనూ పదేసి గ్రాములు వేస్తున్నాను. ఒకదాంట్లో నీళ్లు పోస్తాను, రెండోదాంట్లో కిరోసిన్. ఈ రోజుల్లో కిరోసిన్ సంపాదించడమే గగనమైంది, అది వేరే కథ. గాజు కడ్డీతో కలియబెట్టి, గాలి బుడగలు పోనిచ్చి, 24 గంటలు కదపకుండా వదిలేయాలి.

[దృశ్యం: మర్నాడు. కెమెరా గొట్టాలకు బాగా దగ్గరగా.]

కిరోసిన్‌లో మట్టి ముడుచుకుని అడుగునే కూర్చుంది. నీళ్లలోది చూడండి, ఎలా పొంగిందో. లెక్క చాలా తేలిక. కిరోసిన్‌లో మట్టి 10 మిల్లీలీటర్ల గీత దగ్గర, నీళ్లలో 18 దగ్గర ఆగిందనుకోండి. అంటే ఈ మట్టి 80 శాతం ఉబ్బుతుందన్నమాట. ఈ అంకె 50 దాటిందంటే ఇల్లు కట్టే ఇంజనీరు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

మరి కిరోసిన్ చేయని పని నీళ్లు ఎలా చేశాయి?

[బొమ్మ: మట్టి రేణువు లోపలి పొరలు.]

నల్లరేగడిలో బంకమట్టి సాధారణంగా 40 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. అసలు సంగతి మాత్రం శాతంలో లేదు, అది ఏ రకం బంకమన్ను అన్నదాంట్లో ఉంది. ఇక్కడున్నది ఎక్కువగా స్మెక్టైట్ జాతి ఖనిజం, ముఖ్యంగా మాంట్‌మోరిల్లనైట్. దీని రేణువు అప్పడాల కట్టలా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పొరకీ పొరకీ మధ్య పట్టు బలహీనం. ఆ సందుల్లో కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు, అంటే ధనావేశం ఉన్న పరమాణువులు, ఉంటాయి. నీటి అణువుకు ఒక కొస ధనావేశం, ఇంకో కొస రుణావేశం ఉంటాయి కాబట్టి అది ఆ అయాన్ల వెంటపడి సందులోకి దూరి, పొరల్ని ఎడం చేస్తుంది. కిరోసిన్ అణువుకు అలాంటి కొసలు లేవు. అది బయటే ఆగిపోతుంది.

ఈ పొరలు ఎంత పల్చనంటే, శుద్ధమైన మాంట్‌మోరిల్లనైట్ ఒక గ్రాములోని పొరలన్నీ విడదీసి పరిస్తే 700 నుంచి 800 చదరపు మీటర్లు వస్తుంది. అంటే అయిదారు గ్రాములకు ఒక ఎకరం! ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కెయొలినైట్ పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీరు మధ్యలోకి పోలేదు. అందుకే చలక అని పిలిచే ఈ ఎర్రనేల తడుస్తుంది, ఆరుతుంది, అంతే. ఒళ్లు పెంచదు, తగ్గించదు.

[పటం: దక్కన్ పీఠభూమి.]

స్మెక్టైట్ మెట్ట ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? అది తయారవడానికి సిలికా, కాల్షియం, మెగ్నీషియం నేలలోనే నిలిచి ఉండాలి. వానలు దంచి కొట్టే చోట ఇవన్నీ కొట్టుకుపోయి చివరికి కెయొలినైట్ మిగులుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ, నీరు కిందికి పోవడం మందకొడి అయిన చోట స్మెక్టైట్ పుట్టి, నిలదొక్కుకుంటుంది. మీటరు లోతు తవ్వితే తెల్లటి సున్నపు గడ్డలు కనిపించేది కూడా అందుకే.

నల్లరేగడి అంటే లావా రాయి నుంచి వచ్చిన నేల అని బడిలో చదువుకున్నాం. మహారాష్ట్రకూ, ఆదిలాబాద్‌కూ, తాండూరు వైపుకూ అది సరిపోతుంది. అక్కడి లావా రాయి, అంటే బసాల్టు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. కానీ నంద్యాల వైపు కుందూ లోయలో రేగడి కింద ఉన్నవి షేలు అనే పొరల బంకరాయి, సున్నపురాయి. గ్రానైటు ప్రాంతాల్లో అయితే మిట్ట మీద ఎర్రనేల, పల్లంలో నల్లనేల పక్కపక్కనే కనిపిస్తాయి. మిట్ట నుంచి కొట్టుకొచ్చిన కాల్షియం, మెగ్నీషియం పల్లంలో చేరడమే దీనికి కారణం.

రంగు చూసి సారం ఎక్కువనుకునేవాళ్లు చాలామంది. కానీ చాలా చేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం అటూ ఇటూగానే ఉంటుంది. ఉన్న ఆ కాస్త కర్బనం బంకమన్నును గట్టిగా అంటిపెట్టుకుని నల్లరంగు ఇస్తుంది. నత్రజని, భాస్వరం, జింకు కొరత ఇక్కడ మామూలే.

[దృశ్యం: ఏప్రిల్ నెల. నెర్రెలు బారిన చేను. నెర్రెలోకి స్కేలు దించుతున్న చెయ్యి.]

ఇక నెర్రెల సంగతి. తేమ పోయిన కొద్దీ పొరలు దగ్గరై నేల ముడుచుకుంటుంది, చీలుతుంది. వెడల్పు కొన్ని సెంటీమీటర్లు, లోతు అర మీటరు దాటి మీటరు దాకా పోతుంది. సన్న వేళ్లు తెగిపోతాయి. అంతకన్నా పెద్ద తమాషా మట్టి అడుగున జరుగుతుంది. గాలికీ, గుంటక దెబ్బకీ పైమట్టి కొంత నెర్రెల్లోకి రాలుతుంది. తొలకరికి నేల మళ్లీ ఉబ్బినప్పుడు ఆ చోటు ఖాళీగా ఉండదు. దాంతో మట్టి పక్కలకీ పైకీ తోసుకుంటుంది. పెద్ద పెద్ద దిమ్మలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి జారతాయి.

[దృశ్యం: గుంత గోడ నుంచి ఒక మట్టి దిమ్మను ఊడదీసి వెలుతురుకు తిప్పుతూ.]

ఈ ముఖం చూడండి. ఎవరో మైనం రాసి రుద్దినట్టు నునుపు, దాని మీద ఒకే దిక్కుకు సన్నటి గీతలు. ఇది ఏ పనిముట్టూ చేసింది కాదు. మట్టి మట్టిని ఒరుసుకున్న గుర్తు. నేల పరిశీలకుడు ఇది కనబడగానే ఏ జాతి నేలో దాదాపు తేల్చేస్తాడు.

సాగు విషయానికొస్తే, ఈ నేలకు నీటి దాపు ఎక్కువ. మీటరు లోతు రేగడి పైరుకు అందేలా 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీరు దాచగలదు. చలక నేల దాచేది ఇందులో ఇంచుమించు సగం. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. పొరల మధ్య దూరిన నీటిని మట్టి అంత తేలిగ్గా వదలదు. మొక్క వాడిపోయే సమయానికి కూడా రేగడిలో బరువులో 20 శాతం పైగా తేమ ఉండొచ్చు. అందుకే చిన్న జల్లు పడితే చలకలో విత్తనం మొలుస్తుంది, రేగడిలో ఆ తడి మట్టికే చాలదు.

తడిసే తీరూ విచిత్రమే. మొదటి వాన నెర్రెల గుండా గబగబా లోపలికి పోతుంది. నెర్రెలు మూసుకున్నాక నేల తలుపేసుకున్నట్టే. నీరు ఇంకే వేగం గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు పడిపోతుంది. మిగతాది పైనే నిలుస్తుంది, లేదా మట్టిని కోసుకుని పారుతుంది.

పదును కుదిరే రోజులూ తక్కువే. తడిలో దిగితే బురద కాళ్లకూ, గుంటకకూ కుప్పలుగా అంటుకుంటుంది. ఆరితే పెళ్లలు ఇటుకల్లా లేస్తాయి. ఆ మధ్యలో దొరికే కొద్ది రోజుల్లోనే పని ముగించాలి. వానాకాలమంతా చేను ఖాళీగా ఉంచి, తేమ పట్టించి, రబీలో శనగో జొన్నో వేసే అలవాటు ఇందులోంచే వచ్చింది. బద్ధకం కాదది, లెక్క. శనగ విత్తాక ఒక్క వాన పడకపోయినా లోపలి తేమతోనే పంట చేతికొస్తుంది.

పటాన్‌చెరులో 1972లో మొదలైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇంకో దారి చూపింది. మీటరు వెడల్పు ఎత్తు మడి, పక్కన అర మీటరు కాలువ, స్వల్ప వాలు. ఎక్కువైన నీరు మెల్లగా బయటికి పోతుంది, వేళ్లకు గాలి ఆడుతుంది. తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తుకోవచ్చు. వానాకాలంలో ఒక పంట, వెనకే ఇంకోటి. ఏడాదికి 750 మిల్లీమీటర్లకు పైగా, నమ్మకంగా వాన పడే చోట ఇది బాగా పనికొస్తుంది. వానకు నిలకడ లేని రాయలసీమ రేగళ్లలో మాత్రం పాత పద్ధతినే తప్పు పట్టలేం అని నా అభిప్రాయం.

[దృశ్యం: కిటికీ మూల నుంచి ఏటవాలుగా చీలిన గోడ.]

ఇల్లు కట్టేవాళ్లకు రెండు మాటలు. ఇంటి నడిమి భాగం కింద తేమ ఏడాదంతా ఉంటుంది, అంచుల్లో మాత్రం వేసవిలో ఎండిపోతుంది. అంచు దిగబడినప్పుడు గోడ ఇలా కిటికీ మూలల నుంచి చీలుతుంది. బరువు తక్కువ కట్టడాలకే ఈ బాధ ఎక్కువ, ఒంటి అంతస్తు ఇళ్లకూ ప్రహరీలకూ. తేమ మార్పు సాధారణంగా పై మూడు, మూడున్నర మీటర్లలోనే ఉంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన పునాది స్తంభాలు అంతకంటే కిందికి దిగి, అడుగున గుమ్మడికాయలా ఉబ్బిన బుడిపెతో పట్టుకుంటాయి.

ఇప్పటికే ఉన్న ఇంటికి పగులు కనిపిస్తే వెంటనే సిమెంటు పూయించకండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. మధ్యలో ఎంత వెడల్పుందో కొలిచి పక్కనే వేసుకోండి. మేలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చూడండి. వేసవిలో విచ్చుకుని వానల్లో మూసుకుంటుంటే కారణం నేలే. అప్పుడు ఇంటి చుట్టూ మీటరు వెడల్పున గచ్చు వేయించి, నీటి గొట్టం ఎక్కడైనా కారుతోందేమో చూసి, గోడ పక్కన పెద్ద చెట్టు ఉంటే ఇంజనీరుకు ఆ మాట తప్పకుండా చెప్పండి.