వనభోజనాలకు బ్రెడ్డు, జామ్, బటర్: 60 మందికి ఎంత కొనాలి?

అందరికీ నమస్కారం. కార్తీక మాసం వచ్చిందంటే అపార్ట్‌మెంట్లలో, కాలనీల్లో వనభోజనాల హడావిడి మొదలవుతుంది. మధ్యాహ్నం భోజనాల లెక్క మన వంటవాళ్ళకు కొట్టిన పిండి. ఇంతమందికి ఇన్ని కిలోల బియ్యం, ఇంత పప్పు అని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. చిక్కంతా పొద్దున బస్సులో ఇచ్చే టిఫిన్‌తోనే. ఇడ్లీ, సాంబారు పెడితే బస్సులో ఒలుకుతుందని చాలామంది బ్రెడ్డు, జామ్, బటర్ అనుకుంటారు. 60 మందికి జామ్ ఎన్ని సీసాలు తేవాలి అనేసరికి ఎవరి దగ్గరా సరైన లెక్క ఉండదు.

"పదిమందికి ఒక సీసా వేసుకోండి, ఎందుకైనా మంచిది" అని ఒకరు అంటారు, మిగతావాళ్ళు తలూపుతారు. అంటే 6 అరకిలో సీసాలు, 3 కిలోల జామ్. ఒక్కపూట టిఫిన్‌కు 60 మంది అంత జామ్ తినరు. మర్నాడు మూత తీసిన సీసాలు ఎవరి ఫ్రిజ్‌లో పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. పైగా అది ఇంటింటి నుంచి వసూలు చేసిన చందా డబ్బు, కాబట్టి కాస్త లెక్క వేసుకుని కొందాం.

ముందు మనుషుల లెక్కను స్లైసుల లెక్కగా మార్చుకోండి. 60 మందిలో పెద్దవాళ్ళు 35, పిల్లలు 25 అనుకుందాం. మధ్యాహ్నం పెద్ద భోజనం ఉంది కాబట్టి పెద్దవాళ్ళకు తలా నాలుగు స్లైసులు, అంటే రెండు జతలు. పిల్లలకు తలా ఒక జత. పెద్దవాళ్ళవి 140, పిల్లలవి 50, మొత్తం 190 స్లైసులు. అంటే 95 జతలు. 400 గ్రాముల బ్రెడ్డు ప్యాకెట్‌లో రెండు కొసముక్కలు తీసేస్తే పనికొచ్చేవి 16 వస్తాయనుకుంటే 12 ప్యాకెట్లు కావాలి. మీ ఊరి బేకరీ బ్రెడ్డులో ఎన్ని వస్తాయో ఒక ప్యాకెట్ విప్పి లెక్కపెట్టుకోండి, ఎందుకంటే ఒక్కో చోట ఒక్కో మందంలో కోస్తారు.

ఇక ఒక్క స్లైసుకు ఎంత జామ్ పడుతుంది? ఇది ఎవరినీ అడగక్కర్లేదు. వంటింట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే దానిమీద ఒక స్లైసు పెట్టి, సున్నా బటన్ నొక్కండి. ఇప్పుడు మీరు రోజూ పూసుకున్నట్టే జామ్ పూసి, మళ్ళీ కాటామీద పెట్టండి. కనిపించే అంకే మీ లెక్కకు ఆధారం. కాటా లేకపోతే టీస్పూను చాలు. నిండుగా కాకుండా అంచుకు సమంగా తీసిన ఒక టీస్పూను జామ్ సుమారు 7 గ్రాములు, బటర్ అయితే సుమారు 5 గ్రాములు. ఒక జతకు రెండు టీస్పూన్ల జామ్, అంటే దాదాపు 15 గ్రాములు పూస్తే అంచులదాకా చక్కగా వస్తుంది. మన దేశంలో జామ్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలని ఆహార భద్రతా నిబంధన. అందులో ఎక్కువ భాగం చక్కెరే. అంటే 15 గ్రాముల జామ్‌తో దగ్గరదగ్గర 10 గ్రాముల తీపి లోపలికి వెళ్తుంది. పిల్లలకు పొద్దున్నే అంతకుమించి అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

కొందరు మామూలు బ్రెడ్డు బదులు పెద్ద సైజు శాండ్‌విచ్ బ్రెడ్డు తెస్తారు. ఇక్కడ జాగ్రత్త. స్లైసు పక్క కొలత 10 సెంటీమీటర్ల నుంచి 12కు పెరిగితే చూడ్డానికి తేడా పెద్దగా అనిపించదు కానీ, పూయాల్సిన చోటు 100 చదరపు సెంటీమీటర్ల నుంచి 144కు పెరుగుతుంది. జామ్, బటర్ రెండూ దాదాపు సగం అదనంగా కావాలి.

అందరికీ తీపే పెట్టకండి. పెద్దవాళ్ళకు ఒక జత జామ్‌తో, ఒక జత కొత్తిమీర, పుదీనా పచ్చడితో ఇస్తే హాయిగా తింటారు. అప్పుడు జామ్ జతలు 60, పచ్చడి జతలు 35. జామ్ 60 సార్లు 15 గ్రాములు, మొత్తం 900 గ్రాములు. రెండు అరకిలో సీసాలు సరిపోయి ఇంకా కొంచెం మిగులుతుంది. ఆరు సీసాలకూ రెండు సీసాలకూ తేడా చూడండి!

బటర్ విషయానికొస్తే, జామ్ జతలో ఒక స్లైసుకే 5 గ్రాములు రాస్తాం, అది 300 గ్రాములు. పచ్చడి జతలో మాత్రం రెండు స్లైసులకూ రాయాలి. బటర్‌లో కనీసం 80 శాతం కొవ్వు ఉంటుంది. ఆ పొర అడ్డు ఉంటే పచ్చడి తడి బ్రెడ్డులోకి తొందరగా దిగదు. అది 350 గ్రాములు. మొత్తం 650. అరకిలో ప్యాక్ ఒకటి, 100 గ్రాములవి రెండు తెచ్చుకుంటే సరి.

5 గ్రాములు చేతికి అందేలా ఒక చిట్కా చెప్తాను. 100 గ్రాముల బటర్ ముక్కను ఫ్రిజ్‌లోంచి తీయగానే, గట్టిగా ఉన్నప్పుడే, నిలువునా మధ్యకు కోయండి. తర్వాత అడ్డంగా పది సమానమైన ముక్కలు వచ్చేలా కోయండి. 20 ముక్కలు వస్తాయి, ఒక్కోటి 5 గ్రాములు. వాటిని పళ్ళెంలో పరిచి గది వేడికి మెత్తబడనివ్వండి. స్లైసుకు ఒక ముక్క, అంతే. కార్తీకంలో తెల్లవారుజామున చలికి బటర్ రాయిలా ఉంటుంది. అలాగే రాస్తే బ్రెడ్డు చిరిగిపోతుంది, చిరుగు కప్పడానికి ఇంకాస్త రాస్తాం, అక్కడే లెక్క తప్పుతుంది. అందుకే రాత్రి పడుకునేముందే బయట పెట్టి మూత వేయండి. జామ్ కూడా చలికి గడ్డకట్టినట్టు ఉంటే సీసాను గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచండి, పల్చగా సాగుతుంది.

పచ్చడి 35 జతలకు 15 గ్రాముల చొప్పున 525 గ్రాములు. 600 గ్రాములు రుబ్బుకోండి. కార్తీకంలో చాలా ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు కాబట్టి అవి లేకుండానే చేయండి. దుకాణంలో దొరికే మయోనైజ్ లాంటివి కొనేముందు సీసామీద గుడ్డు, వెల్లుల్లి ఉన్నాయేమో చదవండి. రుబ్బేటప్పుడు నాలుగు చెంచాల పుట్నాల పప్పు వేస్తే నీళ్ళు విడవకుండా గట్టిగా ఉంటుంది. పీనట్ బటర్ పెడదామనుకుంటే మాత్రం, వేరుశెనగ పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ముందే గ్రూపులో అడగండి.

ఈ లెక్కంతా ఇద్దరు ముగ్గురు కూర్చుని ఇంట్లోనే పూసి తీసుకెళ్తేనే. ఒకరు బటర్, ఒకరు జామ్ రాస్తుంటే మూడోవారు మూసి, ఖాళీ బ్రెడ్డు కవర్లలోనే మళ్ళీ వరసగా సర్దేయొచ్చు. కవర్ మీద జామ్ ఏదో, పచ్చడి ఏదో రాయండి. పచ్చడివి మాత్రం బయల్దేరే ముందు చేసుకోండి.

అలా కాకుండా తోటకు వెళ్ళాక సీసాలు బల్లమీద పెట్టి "ఎవరికి వాళ్ళు పూసుకోండి" అంటారా? అప్పుడు జామ్‌కు సగం అదనంగా వేసుకోండి. 900 కాస్తా 1350 గ్రాములు అవుతుంది, అంటే మూడు సీసాలు. పిల్లలు మెతుకుమీద పప్పు వేసుకున్నట్టు గుట్టలుగా వేసుకుంటారు, స్పూను నాకి మళ్ళీ సీసాలో పెడతారు. ఉసిరిచెట్టు కింద తీపి వాసనకు చీమలు, ఈగలు పట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. సీసాలు మూడూ ఒకేసారి విప్పకుండా ఒకటి అయ్యాకే ఇంకొకటి తీయండి. మూత తీయని సీసా మిగిలితే బిల్లు చూపించి దుకాణంలో వెనక్కి ఇవ్వొచ్చేమో కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి.