లావు మనిషిని కొలవడం

శ్రోతలందరికీ నమస్కారం.

అమరావతి మహాస్తూపం చుట్టూ ఒకప్పుడు నిలిచిన రాతి ప్రాకారం మీద పొడవాటి పూలదండ చెక్కి ఉండేది. దాన్ని మోసేవాళ్లలో పొట్టిగా, బానపొట్టతో ఉన్న యక్షులూ కనిపిస్తారు. యక్షుడంటే నిధులకు కాపరి, ఆ పొట్ట కలిమికి గుర్తు. ఆ శిల్పాలు ఇప్పుడు ఎక్కువగా చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి.

మన శిల్పులకు ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. ఇవి శిల్పశాస్త్రపు అంగుళాలు, టేపువి కావు. మనిషి ప్రతిమకు ఎత్తు 8 తాళాలు, దేవతకు 9. వినాయకుడికి మాత్రం 5. సన్నటి ప్రతిమను పక్కలకు సాగదీస్తే వినాయకుడు రాడు. ఆయన లెక్క మొదటినుంచే వేరు.

బొమ్మలు వేయడం నేర్చుకునేవాళ్లు తప్పటడుగు వేసేది సరిగ్గా ఇక్కడే. సన్నటి మనిషిని గీసి, గీతను అన్నివైపులా సమానంగా బయటికి జరుపుతారు. వచ్చేది మనిషి కాదు, గాలి నింపిన బుడగ. ఒళ్లు చేసినా ఎముక వెడల్పవదు. మణికట్టు, చీలమండ దగ్గర పెద్దగా తేడా రాదు. కొవ్వు చేరేది పొట్ట, పిరుదులు, తొడలు, జబ్బల దగ్గర. బొడ్డు లోతుగా కనిపిస్తుంది. కూర్చుంటే పొట్ట తొడల మీద ఆనుతుంది, నడుము దగ్గర మడత పడుతుంది. ఆ మడత నీడ వేస్తేనే బొమ్మకు బరువొస్తుంది. మన సినిమాలు మాత్రం ఈ ఒంటిని చాలాకాలం తిండిపోతు జోకులకే వాడుకున్నాయి. అదీ బుడగ బొమ్మే!

రెడీమేడ్ బట్టల్లోనూ ఇదే పొరపాటు. విజయవాడ బీసెంట్ రోడ్డులో డబుల్ ఎక్సెల్ కుర్తీ కొంటే ఛాతీ సరిపోతుంది, భుజం జారిపోతుంది, జబ్బ దగ్గర మాత్రం బిగుసుకుంటుంది. ఛాతీ చుట్టుకొలత పెరిగినంతగా భుజం వెడల్పు పెరగదు. అన్నింటినీ ఒకే లెక్కన పెంచితే కుట్టు చేతి మీదికి దిగుతుంది, చంక కింద గుడ్డ ముడుచుకుంటుంది.

అందుకే టైలరు దగ్గరికి వెళ్లినప్పుడు జబ్బ లావుగా ఉన్నచోట విడిగా కొలవమనండి. పొట్ట, పిరుదుల కొలత నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి ఇవ్వండి. రెంటిలో ఎక్కువ వచ్చినదే గుడ్డకు లెక్క. భుజం మాత్రం ఎముక నుంచి ఎముకకు. ఇప్పటికే కుట్టినది చంక దగ్గర పట్టేస్తుంటే మొత్తం విప్పక్కర్లేదు, అక్కడ నలుపలకల గుడ్డ ముక్క ఒకటి వేసి కుడితే చెయ్యి హాయిగా పైకి లేస్తుంది.