స్నో లేక్ దారి మొదట్లో నిలబడే వాలంటీర్లు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వేసవి శనివారాల్లో అమెరికాలోని సియాటిల్ పరిసరాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఐ-90 రహదారి మీదుగా స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ చేరుకుని, కొండల్లోని స్నో లేక్ అనే సరస్సు దాకా నడిచి వస్తుంటాయి. ఆ దారి మొదట్లో ట్రయిల్ అంబాసిడర్‌గా సేవలందిస్తున్న ఒక తెలుగు వాలంటీర్ ఈ రోజు మనతో మాట్లాడుతున్నారు. మీకు అక్కడ ఉండే అధికారం ఏమిటండీ?

అతిథి: అధికారమంటూ ఏమీ లేదండీ. జరిమానా రాయడం ఫారెస్ట్ సర్వీస్ అధికారుల పని. వచ్చినవారిని పలకరించడం, దారి ఎలా ఉందో చెప్పడం, సామాను సరిపోతుందో లేదో అడగడం, కనిపించిన చెత్త ఏరడం మా పని. ఎవరైనా మా మాట వినకుండా ముందుకు వెళ్తే ఆపలేము, ఆపకూడదు కూడా. అందుకే చెప్పే మాటలోనే బలం ఉండాలి.

వ్యాఖ్యాత: అది అన్ని అడవుల్లాంటి అడవి కాదని, దానికి ప్రత్యేకమైన చట్టం ఉందని విన్నాను.

అతిథి: అవునండీ. 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ విల్డర్‌నెస్ చట్టంపై, అంటే కొన్ని ప్రాంతాలను సహజస్థితిలోనే ఉంచి కాపాడే చట్టంపై, సంతకం చేశారు. ఆ రోజు 91 లక్షల ఎకరాలకు లభించిన రక్షణ ఇప్పుడు 11 కోట్ల ఎకరాలు దాటింది. స్నో లేక్ ఉన్న ఆల్పైన్ లేక్స్ విల్డర్‌నెస్ 1976లో ఏర్పడింది. దాని సరిహద్దు దాటాక సైకిల్ తొక్కకూడదు, డ్రోన్ ఎగరవేయకూడదు, ఒక బృందంలో పన్నెండు మందికి మించి ఉండకూడదు. మనవాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి వస్తారు కాబట్టి ఈ చివరి నియమాన్ని కారు దిగగానే చెప్పవలసి ఉంటుంది. సగం దారి వెళ్లాక చెబితే ఎవరికైనా కష్టమే.

వ్యాఖ్యాత: నియమం చెప్పగానే కొందరికి కోపం వస్తుంది కదా?

అతిథి: నియమాన్ని మాత్రమే చెబితే తప్పకుండా వస్తుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు జార్జ్ వాలస్ ప్రతిపాదించిన ఒక పద్ధతి ఇక్కడ మాకు ఎంతో ఉపయోగపడుతుంది. వాలంటీరు మాటకో, చట్టానికో కాకుండా, ఆ నేలకు జరిగే నష్టానికే పెద్దపీట వేసి మాట్లాడాలన్నది దాని సారం. ఉదాహరణకు, మలుపు దగ్గర దారి వదిలి అడ్డంగా దిగుతున్నవారికి “అలా వెళ్లకూడదు” అని చెప్పను. “ఇక్కడ హెదర్ మొక్కలు ఏడాదిలో ఎక్కువ నెలలు మంచు కిందే ఉంటాయండీ, పెరగడానికి వాటికి దొరికేది కొద్ది వారాలే, ఒకసారి నలిగితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఆ తర్వాత మంచు కరిగిన నీళ్లు ఆ అడ్డదారినే కోసుకుంటూ మట్టిని లాక్కెళ్తాయి” అని అక్కడే చూపిస్తాను. చాలామంది మళ్లీ మాట్లాడకుండా దారిలోకి వచ్చేస్తారు.

వ్యాఖ్యాత: తెలుగువారితో తెలుగులో మాట్లాడితే తేడా కనిపిస్తుందా?

అతిథి: చాలా కనిపిస్తుంది. “మీది ఏ ఊరండీ?” అని అడిగితే ఖమ్మమో, నరసరావుపేటో అంటారు, ఆ తర్వాత సంభాషణ దానంతటదే సాగుతుంది. ఒకసారి ఒక పెద్దాయన కమలా తొక్కలు పొదలోకి వేస్తూ, “ఇది మట్టికి ఎరువే కదమ్మా” అన్నారు. ఆయన చెప్పింది మన పొలం విషయంలో నిజమే. అయితే ఇక్కడి చలికి తొక్క త్వరగా కుళ్లదు, పైగా తిండి వాసన మరిగిన ఉడుతలు, పక్షులు మనుషుల చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. అది వివరించాక ఆయనే వంగి తొక్కలన్నీ ఏరి, పులిహోర డబ్బా మూతలో పెట్టుకున్నారు. ఇదే విల్డర్‌నెస్‌లో ఎన్‌చాంట్‌మెంట్స్ అనే సరస్సుల ప్రాంతం వైపు కొండమేకలదీ ఇంతే. మనుషుల మూత్రంలోని ఉప్పు కోసం అవి డేరాల దాకా వస్తాయి, మొక్కలను, మట్టిని తవ్విపారేస్తాయి. అందుకే అక్కడ మూత్రవిసర్జన మొక్కలకు దూరంగా, బండల మీద చేయమని చెబుతారు.

వ్యాఖ్యాత: ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకొచ్చేవారికి ఏం చెబుతారు?

అతిథి: నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా విలువైన భాగం అదేనండీ. స్నో లేక్‌కు రానూపోనూ దాదాపు ఏడు మైళ్లు, జూలైలో కూడా పై భాగంలో మంచు ఉండవచ్చు. చెప్పులతో వచ్చిన అత్తయ్యగారిని చూసినప్పుడు, దగ్గరలోనే డెన్నీ క్రీక్ వద్ద ఫ్రాంక్లిన్ ఫాల్స్ ఉందని, రెండు మైళ్ల నడకతో జలపాతం చూసి రావచ్చని చెబుతాను. వద్దనడం కన్నా ఇంకో చోటు చూపించడం అందరికీ మర్యాదగా ఉంటుంది.

వ్యాఖ్యాత: రోజు ముగిశాక మీరు చూసినవి ఎక్కడికి చేరతాయి?

అతిథి: ఎంతమంది వచ్చారు, ఎక్కడ చెత్త పేరుకుంది, ఏ మలుపు దగ్గర చెట్టు పడింది అన్నవి రాసి రేంజర్ కార్యాలయానికి పంపుతాము. విల్డర్‌నెస్ లోపల యంత్రాల వాడకం సాధారణంగా నిషేధం కాబట్టి, పడిన చెట్టును ఇద్దరు చెరొక వైపు పట్టుకుని లాగే పొడవాటి చేతిరంపంతో కోయవలసి ఉంటుంది. చెట్టు ఎంత లావుందో, ఏ పక్కకు ఒరిగి ఉందో మేము సరిగ్గా రాస్తే, చెట్టు కోసే ఆ బృందం తగిన రంపాలు, కోతలో రంపం బిగుసుకోకుండా దూర్చే చీలలు మోసుకుని ఒక్కసారిలోనే పని ముగించుకుని దిగగలుగుతుంది.