పెద్ద అబద్ధానికి ఊ, చిన్నదానికి ఊహూ

(హనుమకొండలో కొత్త కథకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్తే. పొద్దున్నుంచి కూర్చున్నారు, ఛాయ్ కూడా ఇంకా రాలేదు. కాబట్టి ఊహాకథ అంటే ఏమిటన్న నిర్వచనాల జోలికి పోను.

మా నానమ్మ కథ చెప్తుంటే మేం ఊ కొట్టాలి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందంటే ఊ. దాన్ని పట్టడానికి పిలగాడు బయల్దేరాడంటే ఊ. ఆరు నెలలు నడిచాడు అనగానే మా తమ్ముడు ఆపేవాడు: "సద్ది కట్టుకోలే గదా, మరి ఏం తిన్నడే?" ఊహాకథకు నాకు తెలిసిన శాస్త్రం ఇంతే. పెద్ద అబద్ధానికి ఎవరూ అడ్డురారు. చిన్నదాని దగ్గరే ఊ ఆగిపోతుంది.

రాత్రి మీ కథలు చదివాను. సగం కథలు అంగారకుడి మీదే. మూడింటిలో రామప్ప ఇటుకలున్నాయి. ఆ గుడి శాసనం 1213 నాటిది. నీళ్లలో తేలే ఇటుకలు ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడ ఉండనే ఉన్నాయి. నిజంగానే తేలేదాన్ని మనం మళ్లీ తేల్చడం దేనికి?

మేడారం పోదాం. అక్కడ బెల్లమే బంగారం. మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం తూయించి అమ్మవార్లకు ఇస్తారు. ఒక ముసలాయన కాంటా ఎక్కాడనుకోండి. పోయిన జాతరకు అరవై రెండు కిలోలు తూగినవాడు ఈసారి పదిహేనుకే పైకి లేచాడు. మనిషి చూస్తే చిక్కలేదు, అదే పొట్ట, అవే భుజాలు. మనం ఆడే అబద్ధం ఇదొక్కటే. ఇక్కణ్నుంచి అంతా నిజమే రాయాలి. దుకాణదారు ముందు ఆశ్చర్యపోడు, కాంటా తప్పిందేమోనని తనే ఎక్కి చూసుకుంటాడు. వెనక లైన్లో ఉన్నామె "జల్ది కానియ్యిండ్రి" అని అరుస్తుంది. ముసలాయన భార్య మాత్రం కిక్కురుమనదు. ఆమెకు తెలుసు. రెండు నెలలుగా ఆయన అంగీ జేబుల్లో కంకర రాళ్లు కుట్టి పెడుతున్నది ఆమే, గాలి దుమారం వస్తే భయమని. కాంటా ఎక్కే ముందు ఆ అంగీ విప్పించడం ఆమె చేసిన పొరపాటు.

ఎందుకు తేలికయ్యాడో నాకు తెలియదు. చెప్పను కూడా. కానీ పదిహేను కిలోల మనిషి జంపన్నవాగులో దిగితే ఏమవుతుందో, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడితే ఏమవుతుందో లెక్క తప్పకూడదు. జాతర రెండేళ్లకోసారి. వచ్చే జాతరకు ఎంత తూగుతాడన్న భయం కథలోకి దానంతటదే వచ్చేసింది, మనం తెచ్చిపెట్టక్కర్లేదు.

ఇక అచ్చు సంగతి. భద్రకాళి చెరువు మీద నేను రాసిన మొదటి కథకు ఒక పత్రిక రాకెట్ బొమ్మ వేసింది. కథలో ఉన్నదల్లా ఒక నాటు పడవ. చివర "అంతలో మెలకువ వచ్చింది" అని ఒక వాక్యం కూడా కలిపారు. బొమ్మకు నవ్వుకున్నాను, ఆ వాక్యాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

మన పత్రికలు పేజీల్లో అడుగుతాయి, ఇంగ్లీషువాళ్లు మాటల్లో లెక్కేస్తారు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో బహుమతికి చిన్నకథ అంటే 7,500 మాటల లోపు. మన "రాలేకపోయానన్నాడు" ఒక్క మాట, ఇంగ్లీషులోకి పోతే అయిదారవుతుంది. అనువాదానికి ఇచ్చేముందు ఈ ఉబ్బు గుర్తుపెట్టుకోండి. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం వృత్తి రచయిత రేటుగా పెట్టింది మాటకు 8 సెంట్లు. నాలుగు వేల మాటలకు 320 డాలర్లు. మన దగ్గర పారితోషికం ఎంతని అడక్కండి, సభామర్యాద ఉంది.

ఒకే కథను ఒకేసారి నలుగురికి పంపకండి. ఏఐ యంత్రంతో రాయించి అసలే పంపకండి. అలాంటివి కుప్పలుగా వచ్చిపడితే క్లార్క్స్‌వరల్డ్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక 2023 ఫిబ్రవరిలో కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. దెబ్బ పడింది మీలాంటి కొత్తవాళ్ల మీదే.

ఇప్పుడు కాగితాలు తీయండి. కాంటా దిగిన ముసలాయనతో బెల్లం దుకాణదారు అనే మొదటి మాట రాయండి. పదిహేను కిలోలకే పైసలు తీసుకుంటాడా, అరవై రెండింటికా, అదీ తేల్చండి. ఇదంతా కలని రాసినవాళ్లకు ఛాయ్ లేదు.